మంచానికే బీమా, మాత్రకు లేదు

పెద్దవాళ్ల వైద్యం ఖర్చు అనగానే ప్రభుత్వాలైనా, బీమా కంపెనీలైనా ఆస్పత్రి బిల్లు గురించే మాట్లాడతాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. మంచివే. కానీ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉండి, గుండెలో ఒక స్టెంట్ కూడా పడిన మనిషి మెడికల్ షాపులో నెలనెలా కట్టే డబ్బుకూ ఈ లక్షలకూ సంబంధమే లేదు. అన్నీ బ్రాండెడ్ మందులే అయితే ఆ బిల్లు తేలిగ్గా రెండు వేలు దాటుతుంది. 2019లో పెంచిన ఆసరా వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు.

ఆయుష్మాన్ పథకంలో అడ్మిషన్‌కు ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కలుస్తాయి. ప్రైవేటు పాలసీల్లో ఇది సాధారణంగా ముందు 30, తర్వాత 60 రోజులు. ఆ గడువు దాటితే అంతా చేతి డబ్బే. గడువులోపు క్లెయిము కూడా ఊరికే రాదు. ఏ జబ్బుతో అడ్మిట్ అయ్యారో దానికి సంబంధించిన మందులకే ఇస్తారు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాయన షుగర్ మాత్రల బిల్లు పెడితే కొట్టేస్తారు. బిల్లు మీద రోగి పేరు లేకపోయినా, ఆ మందు డాక్టరు చీటీలో కనబడకపోయినా అదే గతి. ఆరోగ్యశ్రీలో మాత్రం ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు డిశ్చార్జి తర్వాతి పరీక్షలు, మందులు కలిసిన ఫాలో అప్ ప్యాకేజీ ఉంది. డిశ్చార్జి రోజునే ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడిగి మీ చికిత్స అందులో ఉందో లేదో తేల్చుకోవాలి. తర్వాత గుర్తొచ్చి వెళ్తే కౌంటర్ల చుట్టూ తిరగడమే.

మరి నెలవారీ మందులకు కవరేజీ ఎవరికుంది? కేంద్ర ప్రభుత్వంలో రిటైరైనవారికి కేంద్ర ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) వెల్‌నెస్ సెంటర్లున్నాయి. అక్కడ లేని మందును ఇండెంటు పెట్టి తెప్పిస్తారు. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ అనే విడి పథకం. రాష్ట్ర పింఛనుదారులకు హైదరాబాద్‌లో ఖైరతాబాద్, వనస్థలిపురం వంటి చోట్ల ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్ఎస్) కేంద్రాలు. స్టాకు లేదన్న ఫిర్యాదులు ఉంటాయి గానీ, నెల బిల్లు తగ్గించే ఏర్పాటు అంటూ వీళ్లకొకటి ఉంది. జబ్బు అందరిదీ ఒకటే. ఎవరి దగ్గర ఉద్యోగం చేశారన్నదే మాత్ర ధరను నిర్ణయిస్తోంది.

చాలామంది వదిలేసుకునే హక్కు ఇంకొకటుంది. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసి, కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ పరిధిలో ఉండి, వయసు నిండి రిటైరైన కార్మికులు ఏడాదికి 120 రూపాయలు ముందుగా కడితే తమకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. డిస్పెన్సరీలో ఇచ్చే మందులూ అందులో భాగమే. నెలకు పది రూపాయలు! రిటైర్మెంట్ నాడు శాలువా కప్పే యాజమాన్యాలు ఈ ముక్క చెప్పవు. కావాల్సినవి పాత ఈఎస్ఐ నంబరు, యాజమాన్యం ఇచ్చే సర్వీసు ధ్రువీకరణ. కంపెనీ మూతపడ్డాక ఆ కాగితం సంపాదించడం కష్టం కాబట్టి రిటైరయ్యే నెలలోనే తీసుకోవాలి. జీతం ఈఎస్ఐ పరిమితి దాటి మధ్యలోనే పథకం నుంచి బయటికొచ్చినవారికి ఈ దారి ఇంత సులువు కాదు.

ఇవేవీ లేనివాళ్లే ఎక్కువ. ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పినవారు, దుకాణాల్లో గుమస్తాలు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసినవాళ్లు. వీరికి పేటల్లో ప్రభుత్వం నడిపే చిన్న క్లినిక్కులు, బస్తీ దవాఖానాలే దిక్కు. బీపీ, షుగర్ మామూలు మందులు అక్కడ ఉచితం. స్పెషలిస్టు రాసిన ఖరీదైన మందు దగ్గరే లెక్క తప్పుతుంది.

అక్కడి నుంచి బిల్లును నిర్ణయించేది చీటీ రాసిన తీరు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ విడివిడిగా అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి, వాటికి కేంద్ర ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు చాలావరకు ఆ జాబితాలో లేవు. జాబితా బయటి మందుల ఎమ్మార్పీని కంపెనీ ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. పేటెంటు పోతే ఏమవుతుందో షుగర్ మందు ఎంపాగ్లిఫ్లోజిన్ చూపించింది: 2025 మార్చి దాకా ఒక్కో మాత్ర 60 రూపాయల దరిదాపుల్లో ఉండేది, పేటెంటు ముగియగానే 10 రూపాయలలోపు బ్రాండ్లు వచ్చాయి. చీటీలో పాత బ్రాండే కొనసాగితే ఈ తగ్గుదల మీ దాకా రాదు. బ్రాండు పేరు రాసిన షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన) మందుకు బదులు వేరేది ఇవ్వడానికి ఔషధ నిబంధనలు ఫార్మసిస్టును ఒప్పుకోవు. బ్రాండు కాకుండా మందు అసలు పేర్లే (జనరిక్) రాయాలంటూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి ఆ నెలలోనే పక్కన పెట్టింది. అందుకే డాక్టరు గదిలో ఉండగానే, ‘మందు అసలు పేరు, మోతాదు కూడా రాయండి సార్, దీనికి చవకైనది ఉందా’ అని అడగాలి. అడిగితే కసురుకునే డాక్టర్లున్నారు. అయినా అడగాల్సిందే.

ఆ చీటీతో చవక జనరిక్ మందులు అమ్మే ప్రభుత్వ పథకపు జనౌషధి కేంద్రానికి వెళ్తే టెల్మిసార్టాన్ 40 పది మాత్రలు 12 రూపాయల ప్రాంతంలో దొరుకుతాయి. ఇబ్బందులూ ఉన్నాయి. మందు ఒక వారం ఉండి మరో వారం ఉండదు. కలిపిన మాత్ర దొరక్క రెండు విడి మాత్రలిస్తే, ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పూ కొత్తవీ రెండూ వేసుకుని బీపీ పడిపోయి తూలేవాళ్లుంటారు. కొత్తది మొదలైన రోజే పాతది తీసేయాలి. మెట్‌ఫార్మిన్‌ పేరు పక్కన ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యే రకం) అని ఉందో లేదో చూసుకోవాలి. థైరాయిడ్, మూర్ఛ మందులు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్రం డాక్టరుకు చెప్పకుండా బ్రాండు మార్చకూడదు.

ఆదాయపు పన్ను మినహాయింపును కూడా ఊరటగా చెబుతుంటారు. బీమా లేని సీనియర్ సిటిజన్ వైద్య ఖర్చుకు 50,000 దాకా మినహాయింపు పాత విధానంలోనే, అదీ నగదు కాకుండా కట్టిన బిల్లులకే. పన్ను కట్టేంత ఆదాయమే లేనివారికి దాంతో పనిలేదు.

అమెరికాలో వృద్ధుల మందులకు పార్ట్ డి అనే విడి బీమా 2006లో మొదలైంది. ఏళ్ల తరబడి అందులోనూ బీమా సరిగా అందని పెద్ద గండి ఉండేది. 2025 నుంచి బీమా జాబితాలోని మందులకు రోగి జేబులోంచి ఏడాదికి పోయేదానికి హద్దు పెట్టారు; మొదటి ఏడాది అది 2,000 డాలర్లు. అక్కడి ధరలు మనకొద్దు, ఆ హద్దు మాత్రం కావాలి. మనం పెట్టుకున్న హద్దులన్నీ ప్రభుత్వం ఎంత దాకా ఇస్తుందన్నవే. మనిషి ఎంత దాకా మోయాలన్నది ఎక్కడా లేదు.

దాని ఫలితం ఆస్పత్రిలో తేలుతుంది. డబ్బు చాలనప్పుడు ముప్పై మాత్రలను నలభై ఐదు రోజులకు సాగదీస్తారు. స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ మధ్యలో ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు; బీపీ మాత్ర మానేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మాత్రకు డబ్బివ్వని ఆరోగ్యశ్రీయే అప్పుడు ఐసీయూకు చెల్లిస్తుంది.

కాబట్టి ఆరోగ్యశ్రీ పరిమితిని మరో ఐదు లక్షలు పెంచడం కన్నా, 65 దాటినవారికి ఇరవై పాతిక రకాల నెలవారీ మందులను పథకంలో చేర్చడం ముందు జరగాలి. ప్రభుత్వ ఆస్పత్రులకు కొన్నట్టే వీటినీ టోకున కొనవచ్చు. బస్తీ దవాఖానాలో రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి, స్టాకు లేని రోజు దగ్గరి జనౌషధి కేంద్రంలో తీసుకునేలా కూపను ఇవ్వాలి. ఆ కూపను లేకపోతే పథకం మొదటి స్టాకు కొరతతోనే కాగితాల మీద మిగులుతుంది.