జనరేటర్ గారికి నైవేద్య విధానం

అమెరికాలో హరికేన్ అనే పెనుతుపాను తీరం దాటి, కరెంటు పోయిన మర్నాడు ఇంట్లో కొత్త పెద్దమనిషి కొలువుతీరతారు. జనరేటర్ గారు. ఆయన ఆకలి ముందు ఇంటిల్లిపాది ఆకలీ దిగదుడుపే. 5 కిలోవాట్ల రకమైతే సగం లోడు మీదే గంటకు 2–3 లీటర్ల పెట్రోలు ఆరగిస్తారు. రాత్రింబవళ్లు నడిపితే 50 నుంచి 70 లీటర్లు. ఇంత సేవకూ దక్కే ప్రసాదం ఫ్రిజ్‌లో చల్లగా ఉన్న మొన్నటి కూర.

తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటాయి. కాబట్టి జనరేటర్‌ను విడతలుగా, కాసేపు నడిపి ఆపినా సరిపోతుంది. ఈ మాట ఆయన చెవిన పడనీయకండి, నొచ్చుకుంటారు. పైగా ‘ఇంకా చల్లగానే ఉందా?’ అని అరగంటకోసారి తలుపు తీసి చూసే సుఖం మనకు దక్కదు.

ఇక నైవేద్య సేకరణ. బంకులో పెట్రోలు ఉంటుంది, దాన్ని పైకి తోడే మోటారుకు కరెంటు ఉండదు. నిండు బావికి చేద లేనట్టు. 2012లో శాండీ హరికేన్ తరవాత న్యూజెర్సీలో, న్యూయార్క్‌లో సరి నంబరు బండ్లకు సరి తేదీన, బేసి నంబరు బండ్లకు బేసి తేదీన పోసింది ఇలాంటి తిప్పలవల్లే. క్యూలో ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా నిలబడితే గంటకు లీటరు నుంచి రెండు లీటర్లు ఖర్చు. మూడు గంటలు నిలబడి 20 లీటర్ల క్యాను తెచ్చామంటే అందులో ఐదో వంతు క్యూకే దక్షిణ.

క్యానును డిక్కీలో ఉంచే నింపడం మరో ముచ్చట. కింద పరిచిన రబ్బరు, ప్లాస్టిక్‌ల వల్ల స్థిర విద్యుత్తు నేలలోకి దిగదు. ఒక్క నిప్పురవ్వ చాలు. నేల మీద పెట్టి, పైన కాస్త ఖాళీ వదిలి నింపే పిరికివాళ్లు బతికి బయటపడతారు.

జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టి తలుపు సగం తెరిచేవారు దాని పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ సంస్కారాన్ని నమ్ముకున్నవారు. దానికి రంగూ వాసనా లేవు, మర్యాద అసలే లేదు. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం కిటికీలకు ఎదురు కాకుండా ఉండాల్సిందే. రెండు కొసలకూ ప్లగ్గులున్న తీగతో దాన్ని గోడ సాకెట్‌కు కలిపేవారు ఇంకా పరోపకారులు. ఆ కరెంటు వెనక్కి పారి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులై లైనుకెక్కుతుంది. మనకు కరెంటు ఇద్దామని స్తంభం ఎక్కినాయనకు మనమే ముందుగా ఇచ్చేస్తాం. జనరేటర్ నడిచేటప్పుడు ఇంటి వైరింగును బయటి లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకుంటే ఈ ఘనత దక్కదు.

నీళ్ల సంగతా? మనిషికి రోజుకు 4 లీటర్లు. నలుగురికి రెండు వారాలకు 224. ఎవరూ నిలవ చేయరు. దుకాణాలన్నీ తిరిగొచ్చేసరికి, 150 లీటర్లు కడుపులో పెట్టుకుని వాటర్ హీటర్ ఒక మూల పేదచుట్టంలా నిలబడి ఉంటుంది. ముందు దాని కరెంటు గానీ గ్యాసు గానీ ఆపాలి; లేదంటే ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు కాలిపోతుంది. బయటి మురికి నీరు కలవకుండా నీళ్లు లోపలికొచ్చే వాల్వు కట్టేయాలి. నీళ్లు చల్లారాక ఎక్కడైనా వేడినీళ్ల కుళాయి ఒకటి తెరవాలి. గాలి ఆడకపోతే అడుగు కుళాయి బొట్టు రాల్చదు. మొదట వచ్చే మడ్డి పారబోయాలి.

అనుమానం నీళ్లను ఒక నిమిషం మరగనివ్వాలి. వంటగ్యాసూ లేకపోతే సువాసనలు కలపని 6 శాతం బ్లీచు లీటరుకు 2 చుక్కలు, నీళ్లు మసకగా ఉంటే గుడ్డలో వడకట్టి 4. ఆపైన అరగంట ఓపిక. పెట్రోలు క్యానులో నీళ్లు పట్టే మేధావులకు మాత్రం మరగబెట్టడమూ బ్లీచూ రెండూ పనిచేయవు.

కరెంటొచ్చిన రోజు జనరేటర్ గారిని ట్యాంకులో పెట్రోలుతో సహా మూలకు నెట్టేయడం రివాజు. నెలలు గడిచేసరికి కార్బ్యురేటర్‌లో అది జిగురుగా పేరుకుంటుంది. మళ్లీ హరికేన్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం తాడు ఎన్నిసార్లు లాగినా ఆయన పలకరు.