విరాళాలు ఏ మూలకూ చాలవా?
అరుదైన జన్యువ్యాధుల మందులకు కంపెనీల పెట్టుబడే దిక్కు, విరాళాలు ఏ మూలకూ చాలవు అని వ్యాసంలో రాశారు. మొత్తం ఖర్చు చూస్తే నిజమే కావచ్చు, కానీ నడక, మాట, చేతుల కదలికను క్రమంగా దెబ్బతీసే ఫ్రీడ్రిక్ అటాక్సియా అనే జన్యువ్యాధి విషయంలో జరిగింది వేరు. దాని జన్యువు 1996లో దొరికింది. కొడుక్కి ఆ జబ్బని తెలిసిన తల్లిదండ్రులు 1998లో అమెరికాలో ఫారా అనే సంస్థ పెట్టారు. రోగుల రిజిస్ట్రీ (వివరాల పట్టిక) నడపడం, ఏటా వాళ్ల నడక, మాట, చేతుల కదలిక ఎంత తగ్గాయో కొలిచి రాసిపెట్టడం, ఇలా వెంటనే ఏ కంపెనీకీ లాభం కనిపించని పనులకు విరాళాల డబ్బు పెట్టారు. 2023లో ఈ జబ్బు మందు ఒమావెలోక్సోలోన్‌కు అక్కడ అనుమతి వచ్చినప్పుడు, మందు వాడినవాళ్లను ఆ రికార్డులతో పోల్చిన విశ్లేషణ కూడా సాక్ష్యంగా పనికొచ్చింది. ఆ మందు జబ్బును నయం చేయదు, నెమ్మదింపజేస్తుంది, అదీ 16 ఏళ్లు నిండినవాళ్లకే. మా అక్క కూతురికి ఇదే జబ్బు. తూలుతూ నడుస్తుంటే నీరసం అనుకున్నాం, పేరు తెలియడానికే నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్ల టెన్షన్ ఇంకో ఇంటికి తగ్గించే పనికైనా ముందుగా వచ్చేది ఈ విరాళాల డబ్బే.