తుమ్ము పాటే బాండ్ బాణీ అయింది

కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న కుర్రాడు మొదటి నెలలోనే వాయించి చూసే ముక్కల్లో జేమ్స్ బాండ్ బాణీ ఒకటి. కారణం, అందులో పెద్దగా ఏమీ లేకపోవడమే. స రి రి రి రి స స స, ఆ వెంటనే స గ గ గ గ రి రి రి. మూడే స్వరాలు. వాటి కింద పంచమం నుంచి శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, తిరిగి శుద్ధ ధైవతం అంటూ పిల్లిలా ఎక్కి దిగే ఇంకో వరస. ఇంత తక్కువ సరుకు కోసం లండన్ హైకోర్టులో జ్యూరీ కూర్చోవాల్సి వచ్చింది.

కథ మొదలైంది మాత్రం తుమ్ముతో. వి.ఎస్.నైపాల్ 1961 నాటి నవల 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్'లో, ట్రినిడాడ్‌లోని భారత సంతతి ఇంట్లో పుట్టిన బిడ్డను చూసి పంతులు వీడి తుమ్ము అరిష్టమని తేలుస్తాడు. గడప దాటబోతుంటే ఎవరో ఒంటి తుమ్ము తుమ్మారని వెనక్కొచ్చి కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరిన వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ నవలను రంగస్థల సంగీత నాటకంగా మలచాలని మాంటీ నార్మన్ అనే బ్రిటిష్ స్వరకర్త కొన్ని పాటలు కట్టాడు. అందులో ఒకటి ఈ తుమ్ము పాట. 'బ్యాడ్ సైన్, గుడ్ సైన్' దాని పేరు. సితార్ మీద నడిచే బాణీ. నాటకం రంగం ఎక్కలేదు, పాట సొరుగులోకి చేరింది. తొలి బాండ్ సినిమా 'డాక్టర్ నో'కు సంగీతం చేసే అవకాశం వచ్చాక నార్మన్ ఆ సొరుగు తెరిచాడు. సితార్ తీసేసి అదే వరసను గిటార్‌కు ఇచ్చాడు.

ఇది విని 'బాండ్ బాణీ మనదే' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు కాస్త ఆగాలి. నార్మన్ లండన్ ఈస్ట్ ఎండ్‌లో పుట్టిన యూదు కుర్రాడు. భారతీయ పాత్ర కోసం తన ఊహకు తోచిన భారతీయ ధ్వనిని రాసుకున్నాడు, అంతవరకే.

నార్మన్ ఇచ్చింది నిర్మాతలకు చాలలేదు. జాన్ బ్యారీ అనే మరో సంగీతకారుణ్ని పిలిచారు. ఆయన దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. మధ్యలో బాకాలు జాజ్ ఊపుతో విరుచుకుపడే భాగం వింటే బ్యారీ చెయ్యి స్పష్టంగా తెలుస్తుంది. 1962 జూన్‌లో లండన్‌లో రికార్డు చేశారు. సినిమా అక్టోబరు 5న విడుదలైంది. బీటిల్స్ బృందం తొలి సింగిల్ (విడి పాట రికార్డు) 'లవ్ మీ డూ' బజారులోకి వచ్చిందీ అదే రోజు. బ్రిటిష్ చార్టులో బీటిల్స్ పాట ఆ ఏడాది 17వ స్థానం దగ్గర ఆగిపోతే, మాటల్లేని ఈ గిటార్ ముక్క 13 దాకా వెళ్లింది.

ఆ గిటార్ వాయించినవాడు విక్ ఫ్లిక్. బ్యారీ బృందంలో మనిషి. ఆయన చేతిలో ఉన్నది 1939 నాటి క్లిఫర్డ్ ఎసెక్స్ గిటార్. దానికి విడిగా తగిలించిన పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పరికరం), ఎదురుగా వాక్స్ ఆంప్లిఫయర్. పికప్ తీగలకు ఇంకాస్త దగ్గరగా రావాలని దాని కింద నలిపిన సిగరెట్ పెట్టె ఇరికించేవాడు. బాణీని కింది స్థాయికి దించితే బలం వస్తుందని తానే సూచించినట్టు ఫ్లిక్ చెప్పుకునేవాడు. నాకు నమ్మబుద్ధి వేస్తుంది. అవే స్వరాలు పై స్థాయిలో వాయించి చూడండి, పిల్లల బొమ్మలోంచి వచ్చినట్టుంటాయి. కింది లావు తీగల మీద ప్లెక్ట్రమ్‌తో, అంటే వేళ్ల మధ్య పట్టుకునే మీటు బిళ్లతో, గట్టిగా కొడితేనే చీకట్లో ఎవరో నడిచొస్తున్నట్టుంటుంది.

సినిమా టైటిల్స్‌లో సంగీతం మాంటీ నార్మన్ అని పడింది, బాండ్ బాణీ వాయించింది జాన్ బ్యారీ బృందం అని పడింది. ఫ్లిక్ పేరు లేదు. దక్కింది ఆ పూట సెషన్‌కు ఇచ్చే కొద్ది పౌండ్లు. బ్యారీకి 250 పౌండ్లు ముట్టాయి, ఆ తర్వాత 11 బాండ్ సినిమాలకు ఆయనే సంగీతం చేశాడు. రాయల్టీ మాత్రం నార్మన్‌దే. అసలు బాణీ బ్యారీదేనని 1997లో సండే టైమ్స్ రాస్తే నార్మన్ పరువు నష్టం దావా వేశాడు. బ్యారీ కోర్టుకొచ్చి పత్రిక తరఫున సాక్ష్యం చెప్పాడు. అయినా 2001లో జ్యూరీ నార్మన్ మాటే నమ్మి 30,000 పౌండ్లు ఇప్పించింది.

నా లెక్కలో తీర్పు సరైనదే. తుమ్ము పాటను బాండ్ బాణీని పక్కపక్కన పెట్టి వింటే ఆ వరస ఎక్కడిదో చెవికే తెలిసిపోతుంది. అయితే కోర్టు తేల్చింది కాగితం మీద రాయగలిగిన దాని సంగతి. స్వరాలను కాగితం పట్టుకుంటుంది, వాటి అమరికనూ పట్టుకుంటుంది. ఏ తీగ మీద, ఎంత గట్టిగా, ఎలాంటి ఆంప్లిఫయర్‌లోంచి అన్నది దానికి అందదు. మాటలూ గొంతూ లేని ముక్కను జనం గుర్తుపట్టేదేమో ఆ శబ్దంతోనే. పాటకైతే గాయకుడి పేరు రికార్డు మీద పడుతుంది. ఇక్కడ గాయకుడి పని చేసింది గిటార్. పేరూ లేదు, వాటా అంతకన్నా లేదు. నార్మన్, బ్యారీల గొడవ మీద రాసినవి ఎన్ని చదివినా ఈ మూడో మనిషి ఫుట్‌నోట్ లాగే కనిపిస్తాడు.

మన దగ్గర మాత్రం? 1966లో 'గూఢచారి 116'తో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యాడు. ఆ తరం తెలుగు టైటిల్ కార్డుల్లో సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన నేపథ్య గాయకుల పేర్లుంటాయి. మద్రాసు స్టూడియోల్లో గిటార్ పట్టుకుని కూర్చున్నవాళ్లంతా 'ఆర్కెస్ట్రా' అనే ఒక్క మాటలో సర్దుకున్నారు, అదైనా వేస్తే.

ఫ్లిక్ 2024 నవంబరులో పోయాడు. బాండ్ బాణీ చివర అంతా ఆగాక ఆయన ఒక కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుత్తి) మీటి వదిలేస్తాడు. సాధారణ గాంధారం, కాకలి నిషాదం రెండూ ఉన్న కార్డ్, అందుకే కాస్త పుల్లగా, తేలని అనుమానంలా వినిపిస్తుంది. ఇప్పుడు ఊరూరా గిటార్ నేర్చుకునే పిల్లలు దాన్ని 'స్పై కార్డ్' అంటారు.