ఇమేజ్ అందంగా రావాలని డోస్ పెంచకండి

నేను సీటీ స్కాన్ తీసే టెక్నీషియన్ని. నిన్న ఒక తల్లి ఎనిమిదేళ్ల బాబును సీటీ టేబుల్ మీద పడుకోబెడుతూ, "సార్, రేడియేషన్ కాస్త తగ్గించి తియ్యడం కుదురుతుందా?" అని అడిగింది. "తగ్గించే పెట్టానమ్మా" అన్నాను. ఆవిడ మనసు కుదుటపడింది. నాకు మాత్రం రాత్రి దాకా కోపం తగ్గలేదు. ఆ బాబుకు అంతకు ముందు వేరేచోట తీసిన స్కాన్ డోస్ (ఒంట్లోకి వెళ్లిన రేడియేషన్ మోతాదు) రిపోర్ట్ నా చేతిలో ఉంది. పెద్దవాళ్లకి వాడే సెట్టింగులు. 120 కేవీ (ఎక్స్‌రేల శక్తిని నిర్ణయించే వోల్టేజీ). ప్లెయిన్, అంటే మందు ఎక్కించకుండా ఒకసారి, కాంట్రాస్ట్ మందు ఇచ్చి ఇంకోసారి. చూడాల్సింది కిడ్నీలో రాయి ఉందా లేదా అన్నది ఒక్కటే.

మెషిన్ పాతది, అందుకే డోస్ ఎక్కువ అంటారు. చాలాసార్లు అది నిజం కాదు. 2019లో ఏడు దేశాల్లోని 151 సంస్థల నుంచి దాదాపు 20 లక్షల స్కాన్‌ల వివరాలు తీసుకుని ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఒకే రకం స్కాన్‌కి ఒకచోట ఒక డోస్, ఇంకోచోట దానికి ఎన్నో రెట్లు. తేడా ఎక్కువగా మెషిన్ కంపెనీ వల్లో, పేషెంట్ ఒంటి సైజు వల్లో రాలేదు. కన్సోల్ దగ్గర సెట్టింగులు ఎలా పెట్టారన్న దాని నుంచి వచ్చింది. అంటే నాలాంటి వాళ్ల చేతి నుంచి, మా చేత అలా పెట్టించే డాక్టర్ల ఇష్టాయిష్టాల నుంచి.

డోస్ ఎందుకు పెంచుతారు? ఇమేజ్‌లో గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు (నాయిస్ అంటాం), కనపడకూడదని. ఎక్స్‌రే ఫోటాన్లు ఎన్ని ఎక్కువ వెళ్తే ఇమేజ్ అంత నున్నగా వస్తుంది. కానీ ఈ లెక్క సూటిగా నడవదు. డోస్ సగానికి తగ్గిస్తే నాయిస్ రెట్టింపు కాదు, 40 శాతం చిల్లర పెరుగుతుంది. అదే నాయిస్ సగానికి తగ్గాలంటే మాత్రం డోస్ నాలుగు రెట్లు పెట్టాలి. నున్నటి ఇమేజ్ కోసం పేషెంట్ ఒళ్లు మోసే బరువు అది.

ఆ గ్రెయిన్స్ ఉంటే ఏమిటి నష్టం? రాయి తెల్లగా మెరుస్తుంది, కాస్త గ్రెయిన్స్ ఉన్నా దాక్కోదు. ఊపిరితిత్తుల్లో చుట్టూ గాలే కాబట్టి చిన్న గడ్డ కూడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మామూలు ఛాతీ సీటీ 6, 7 మిల్లీ సీవర్టుల (రేడియేషన్ కొలత) దాకా ఉంటే, లంగ్ క్యాన్సర్ స్క్రీనింగ్‌కి చేసే లో డోస్ సీటీ సుమారు ఒకటిన్నరతో అయిపోతుంది. ఆ ఒకటిన్నరతోనే మరణాలు తగ్గాయని 2011లో పెద్ద ట్రయల్‌లో తేలింది. లివర్‌లో మచ్చల సంగతి వేరు. అక్కడ మచ్చకూ చుట్టూ ఉన్న కండకూ తేడా చాలా తక్కువ, నాయిస్ పెరిగితే మచ్చ అందులో కలిసిపోతుంది. అక్కడ పీనాసితనం చేస్తే స్కానే దండగ. కాబట్టి ఏం వెతుకుతున్నామో తెలియకుండా క్వాలిటీ గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఒక డాక్టర్ గారు ఫోన్ చేసి, "ఇమేజ్ అంతా గ్రెయిన్స్‌గా ఉందయ్యా, రేపటి నుంచి ఎంఏ పెంచు" అన్నారు. ఎంఏ అంటే ఎక్స్‌రే ట్యూబ్ కరెంట్, అది పెంచితే డోస్ పెరుగుతుంది. "సార్, ఎంత మందం స్లైసులు చూస్తున్నారు?" అని అడిగాను. స్లైస్ అంటే ఒంటిని అడ్డంగా కోసినట్టు చూపే ఒక పొర. ఆయన చూస్తున్నది ఒక మిల్లీమీటరు. అదే డేటాను నాలుగు మిల్లీమీటర్ల స్లైసులుగా మళ్లీ కట్టి పంపాను, నాయిస్ సగమైంది. పేషెంట్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. అతని ఒంట్లోకి ఒక్క ఫోటాన్ కూడా అదనంగా పోలేదు. నేను ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే మర్నాటి నుంచి ఆ టేబుల్ ఎక్కే ప్రతి ఒక్కరికీ డోస్ పెరిగేది, ఎందుకు పెరిగిందో కొన్నాళ్లకి ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంకోటి, సెంటరింగ్, అంటే మనిషిని మెషిన్ రింగుకి సరిగ్గా మధ్యలో ఉంచడం. హడావుడిలో అందరం తేలిగ్గా తీసుకుంటాం. ఎక్స్‌రే ట్యూబ్ పైన ఉంచి స్కౌట్ (అసలు స్కాన్‌కి ముందు తీసే కొలత బొమ్మ) తీస్తున్నప్పుడు టేబుల్ నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా ఉందనుకోండి, మనిషి ట్యూబ్‌కి దగ్గరై నీడ పెద్దదిగా పడుతుంది. మెషిన్ ఆ నీడను చూసి లావు మనిషి అనుకుంటుంది, తనంతట తానే కరెంట్ పెంచేస్తుంది. లేజర్ లైటు నడుము పక్కన సరిగ్గా మధ్యలో పడిందో లేదో చూడటానికి పది సెకన్లు చాలు.

ఇక్కడే "ఆటో ఉంది కదా, అదే చూసుకుంటుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2009లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక ఆసుపత్రిలో స్ట్రోక్ కోసం బ్రెయిన్ పర్ఫ్యూజన్ సీటీ (మెదడులో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించుకున్న రెండు వందల మందికి పైగా ఉండాల్సిన దానికి దాదాపు ఎనిమిది రెట్ల డోస్ వెళ్లిందని బయటపడింది. 18 నెలలు అలాగే నడిచింది. కొందరికి జుట్టు ఊడిపోయింది. స్కాన్ బటన్ నొక్కే ముందే డోస్ అంకె స్క్రీన్ మీద కనపడుతుంది. దాన్ని చదివే అలవాటు మనిషికి ఉండాలి.

ఇప్పుడు ఏఐ రీకన్‌స్ట్రక్షన్, అంటే స్కాన్ డేటా నుంచి ఏఐతో ఇమేజ్ కట్టడం, వచ్చింది. మంచిదే, నేను రోజూ వాడుతున్నాను, నాయిస్ నిజంగానే తగ్గిస్తుంది. కానీ ఇమేజ్ నున్నగా వచ్చినంత మాత్రాన తక్కువ తేడా ఉన్న చిన్న మచ్చలు నిలిచాయని కాదు. డోస్ మరీ కిందికి లాగేసి ఏఐతో పైపూత పూస్తే మోసపోయేది మనమే. ఆ పూత కన్నా ముందు చెయ్యగలిగినవి ఉన్నాయి. సన్నటి మనిషికీ పిల్లలకీ కేవీ 100కో 80కో దించొచ్చు. కాంట్రాస్ట్ ఇచ్చిన స్కాన్‌లో అయితే ఆ మందులోని అయోడిన్ అప్పుడు ఇంకా తెల్లగా వస్తుంది. అవసరం లేని ప్లెయిన్ స్కాన్ మానేస్తే డోస్ దాదాపు సగం అక్కడే పోతుంది.

ఇది చదివి టెన్షన్ పడి స్కాన్ వద్దనకండి. తలకు గట్టి దెబ్బ తగిలి వాంతులు చేసుకుంటున్న మనిషికి సీటీ చెయ్యకపోవడమే ప్రమాదం. డాక్టర్లను అడిగేది ఒకటే, రిక్వెస్ట్ ఫారం మీద ఏం వెతకాలో రాయండి. మా దగ్గర ఒక యూరాలజీ డాక్టర్ గారు గతంలో "సీటీ అబ్డామెన్" అని మాత్రమే రాసేవారు. రెండుసార్లు వెళ్లి బతిమాలాను. ఇప్పుడు "రాయి ఫాలో అప్, కిడ్నీ నుంచి బ్లాడర్ వరకు" అని రాస్తున్నారు. నిన్న ఆ బాబు ఫారం మీద ఉన్నది అదే. ప్లెయిన్ ఒక్కసారి, 80 కేవీ. గ్రెయిన్స్ బాగానే ఉన్నాయి. నాలుగు మిల్లీమీటర్ల రాయి స్పష్టంగా కనపడింది.