ఓడీ జరిమానా ఏ లెక్కన వేశారో అడగండి

ఓడీ అంటే ఓవర్‌డ్రాఫ్ట్, ఖాతాలో డబ్బు లేకున్నా బ్యాంకు ఒప్పుకున్న లిమిట్ వరకు వాడుకునే అప్పు. లిమిట్ దాటితే జరిమానా పడుతుంది. పది లక్షల ఓడీ లిమిట్ ఉన్న ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి ఖాతా తీసుకుందాం. నెలాఖరుకు వాడకం 9,94,000 రూపాయలు. ఆ రాత్రి బ్యాంకు 8,300 వడ్డీ డెబిట్ చేసింది. బాకీ 10,02,300కి చేరింది. వ్యాపారి ఒక్క చెక్కు కూడా రాయకుండానే లిమిట్ 2,300 దాటింది. ఐదు రోజులకు వసూళ్లు జమ చేసి సరిచేశాడు. ఏడాదికి 2 శాతం చొప్పున, దాటిన మొత్తం మీద లెక్కిస్తే ఆ ఐదు రోజుల జరిమానా 63 పైసలు. అదే 2 శాతం మొత్తం బాకీ మీద వేస్తే దాదాపు 275 రూపాయలు. స్టేట్‌మెంట్‌లో మాత్రం ఒక అంకె, పక్కన నాలుగు పొట్టి అక్షరాలు, అంతే కనిపిస్తాయి.

ఇలాంటప్పుడు చాలామంది బ్రాంచికి వెళ్లి ‘ఇంత వేస్తే ఎలా సార్, కొంచెం చూడండి’ అని బతిమాలతారు. మేనేజర్ మనసు కరిగితే కొంత వెనక్కి వస్తుంది. మరుసటి నెల మళ్లీ పడుతుంది. జరిమానా ఎక్కువైందనే వాదనకు బలం తక్కువ. నియమం తప్పి వేశారన్న వాదన నిలబడుతుంది.

బ్రిటన్ అనుభవం ఇందుకు పెద్ద ఉదాహరణ. అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్‌పై బాదే ఛార్జీల కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2009 నవంబరు 25న బ్యాంకుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ ఛార్జీలు బ్యాంకు సేవల ధరలో భాగమేననీ, సేవకు ఆ ధర తగినదా కాదా అన్నది వినియోగదారు ఒప్పందాల నిబంధనల కింద తేల్చలేమనీ చెప్పింది. తీర్పు కోసం ఆగి ఉన్న ఫిర్యాదులు చాలావరకు అక్కడే చతికిలబడ్డాయి. చివరికి 2020 ఏప్రిల్‌లో నియంత్రణ సంస్థ నిబంధన మార్చాకే అక్కడ స్థిర ఛార్జీలు పోయాయి.

మనకు నిబంధన ఇప్పటికే చేతిలో ఉంది. రుణ ఖాతాల్లో జరిమానాలపై రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న సర్క్యులర్ ఇచ్చింది. కొత్త రుణాలకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి అదే ఏడాది జూన్ 30లోగా వర్తింపజేయాలని తర్వాత గడువు పెట్టింది. క్రెడిట్ కార్డులకు ఇది వర్తించదు. జరిమానాను వడ్డీ రేటుకు కలిపి వేయకూడదు, విడిగా ఛార్జీగానే చూపాలి. జరిగిన తప్పుకు తగినంతే ఉండాలి. ఎంత, ఎందుకు అన్నది ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. వేసినప్పుడు కారణం చెబుతూ ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ఓడీలో సరిగ్గా ఇక్కడే తేడా వస్తుంది. జరిమానాను అదే ఖాతాలో డెబిట్ చేస్తే బాకీ పెరుగుతుంది, మర్నాటి నుంచి వడ్డీ లెక్క దాని మీదా నడుస్తుంది. ఆ మొత్తాన్ని వడ్డీ లెక్క నుంచి తీసేశారో లేదో ఖాతాదారు అడిగి తీరాలి. పక్కనే 18 శాతం జీఎస్టీ పడిందేమో కూడా చూడండి. ఈ సర్క్యులర్ ప్రకారం వేసే జరిమానాలపై జీఎస్టీ లేదని పరోక్ష పన్నుల బోర్డు 2025 జనవరి 28న స్పష్టం చేసింది.

సరుకు హామీగా అప్పు వాడుకునే సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాల్లో ఇంకో చిక్కు డ్రాయింగ్ పవర్, అంటే చేతిలో ఉన్న సరుకును బట్టి వాడుకోగలిగే మొత్తం. సరుకు 12 లక్షలు, అందులో అప్పు మీద తెచ్చింది 2 లక్షలు, మార్జిన్ (వ్యాపారి సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా) 25 శాతం అనుకుంటే వాడుకోగలిగేది ఏడున్నర లక్షలే. శాంక్షన్ లెటర్‌లో పది లక్షలున్నా ఎనిమిది వాడితే దాటినట్టే లెక్క. సరుకు వివరాలతో బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ మీరు వేళకు ఇచ్చినా బ్రాంచిలో ఎక్కించకపోతే అదే గతి. అందుకే ఇచ్చిన ప్రతిసారీ తేదీతో రసీదు ముద్ర వేయించుకోవాలి.

ఫిర్యాదులో ఆవేదన తగ్గించి ప్రశ్నలు పెంచండి. ‘ఫలానా తేదీన ఇంత జరిమానా డెబిట్ చేశారు. ఒప్పందంలోని ఏ క్లాజు ప్రకారం, ఎంత మొత్తం మీద, ఎన్ని రోజులకు, ఏ రేటున వేశారో రాతపూర్వకంగా తెలపండి. ఎక్కువ తీసుకున్నది, దానిపై పడిన వడ్డీ, జీఎస్టీ తిరిగి జమ చేయండి.’ ఇంత చాలు. శాంక్షన్ లెటర్, ఆ నెల స్టేట్‌మెంట్, మీరు వేసిన లెక్క జత చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నోటిమాటగా చెప్పినదానికి తర్వాత రుజువు ఉండదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, లాయరూ అక్కర్లేదు. సందేహాలకు 14448 నంబరు ఉంది. బ్యాంకు వాణిజ్య నిర్ణయాల్లో అంబుడ్స్‌మన్ తలదూర్చదు కాబట్టి ‘రేటు ఎక్కువ’ అని రాస్తే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. సర్క్యులర్‌లోని ఏ నియమం తప్పారో అది రాయండి.

వివాదం నడుస్తోంది కదా అని ఖాతాను లిమిట్ పైన వదిలేయకండి. వరుసగా 30 రోజులకు మించి లిమిట్ పైన ఉంటే ఖాతా బ్యాంకు ఇబ్బందుల జాబితాలోకి వెళ్తుంది, 90 రోజులకు మించితే మొండి బాకీ అవుతుంది. ముందు బాకీని లిమిట్‌లోకి దింపండి, జరిమానాకు అభ్యంతరం ఉందని కాగితం మీద రాసి ఇవ్వండి, తర్వాత కొట్లాడండి.