హైతీని వదిలేసి జాంబీల కథ చెప్పలేం

జాంబీలంటే చచ్చి లేచి తిరిగే శవాలు. సినిమాల్లో వాటి క్రేజ్‌కి అంటురోగాల భయమే కారణమని జాంబీల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. కొంతవరకు నిజమే, కరోనా చూశాం కదా. కానీ అసలు ఊతం ఇచ్చింది వేరే సంగతి. 1968లో అమెరికా దర్శకుడు జార్జ్ రొమెరో తక్కువ ఖర్చుతో తీసిన జాంబీ సినిమా ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కి విడుదల ముందు పేరు మార్చారు. కొత్త టైటిల్ మీద పంపిణీదారులు కాపీరైట్ గుర్తు వేయలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం దాంతో హక్కులు పోయాయి. టీవీ ఛానళ్లు, క్యాసెట్ కంపెనీలు పైసా కట్టకుండా ఆ సినిమాను ఇంటింటికీ చేర్చాయి. తీసినవాళ్లకు మాత్రం రావాల్సిన డబ్బు రాలేదు. చాలా అన్యాయం అది.

ఇంకా బాధపెట్టేది జాంబీ కథలు పుట్టిన కరీబియన్ దేశం హైతీ సంగతి. అక్కడ ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో బానిసలుగా నలిగిన ఆఫ్రికన్లకు, చనిపోతే ఆత్మ సొంత నేలకు చేరుతుందన్న నమ్మకం ఉండేది. ఆ విముక్తి కూడా దక్కనివాడే జాంబీ. చచ్చాక కూడా యజమాని చెప్పిన పని చేస్తూనే ఉంటాడు. జాంబీ కరుస్తుందని కాదు, తామే జాంబీ అయిపోతామని వాళ్ల భయం! 1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం ఆక్రమణలో ఉంది. ఈ కథలు హాలీవుడ్‌కి ఎక్కింది ఆ రోజుల్లోనే. 2021లో మన ‘జాంబీ రెడ్డి’ సినిమాతో రాయలసీమకూ వచ్చేశాయి.

ఇంత పెద్ద వ్యాసంలో హైతీ పేరు ఒక్కసారైనా లేదు. దయచేసి ఆ భాగం చేర్చండి.