కప్పు పదిలం, మనిషి సంగతి తర్వాత

‘కీపింగ్ అప్ అపియరెన్సెస్’ అనే పాత బ్రిటిష్ హాస్య ధారావాహికను ‘హాయిగా చూడదగ్గ ఇంటింటి కథ’ అని మెచ్చుకునే పెద్దమనుషులకు ఒక విన్నపం: ఆ హాయి ఏ గదిలో ఉందో కాస్త చూపించగలరు. 1990 నుంచి 1995 వరకు బీబీసీలో నడిచిన ఈ కథలో, గొప్పింటి దర్జా కోసం పాకులాడే కథానాయిక హయసింత్ బకెట్ గారి గుమ్మం తొక్కిన ప్రతివారూ నేరస్థులే. గోడకు భుజం తగలకూడదు, తివాచీ మీద మరక పడకూడదు.

ఇక పక్కింటి ఎలిజబెత్ కాఫీ తాగే ఘట్టం. సొంత ఇంట్లో నిక్షేపంగా ఉండే ఆ ఇల్లాలు, పెరివింకిల్ పూలు చేత్తో చిత్రించిన రాయల్ డాల్టన్ అనే ఖరీదైన ఇంగ్లీషు పింగాణీ కప్పు చేతికి రాగానే వణకడం మొదలుపెడుతుంది. కప్పు సాసరు మీద టకటకలాడుతుంది, ఆ కప్పు ఎంత అపురూపమైనదో హయసింత్ గారు సవివరంగా సెలవిస్తారు, టకటక రెట్టింపవుతుంది, జాగ్రత్త సుమా అని ఆవిడ మరింత ముందుకు వంగుతారు, కాఫీ ఒలుకుతుంది. ఆ వణుకుకు మూలం కప్పులో లేదని, ఎదుట కూర్చున్న చూపులో ఉందని గ్రహించడానికి భౌతికశాస్త్రం చదవనక్కరలేదు. అయినా మర్నాడు మళ్ళీ పిలుపు, మళ్ళీ అదే కప్పు. దీనికి మర్యాద అని పేరు. రీడయల్ సౌకర్యమున్న తెల్లని టెలిఫోను మీద కొవ్వొత్తుల విందుకు ఆహ్వానం అందుకున్నవారు తప్పించుకోవడానికి అబద్ధాలు వెతుక్కోవడంలో ఆశ్చర్యమేముంది?

అయితే హయసింత్ తండ్రి ఊసు వచ్చేసరికి నాకు నవ్వు రాదు. మతి నిలకడ తప్పిన ఆ ముసలాయన ఉండేది ఈ మెరిసే ఇంట్లో కాదు. హయసింత్ కొడుకు షెరిడన్ డబ్బు కోసం ఫోను చేయడమే తప్ప కంటికి కనిపించడు, ఉన్నది మొగుడూ పెళ్ళాలిద్దరే, అయినా ఆయనకిక్కడ చోటు లేదు. వాకిట్లో పాడైన కారు, అందులోంచి మొరిగే కుక్క, ఊడిపోయే గేటు ఉన్న కొంపలో, హయసింత్ తోబుట్టువు డైసీ, ఆమె మొగుడు ఆన్స్‌లోల దగ్గర ఆయన ఉంటాడు. ఏ పనీ చేయడని, చిరుగుల బనియనులో పడి ఉంటాడని హయసింత్ ఈసడించుకునే ఆ ఆన్స్‌లోయే మామగారికి నీడ ఇచ్చాడు! కబురొస్తే ఈవిడ కారెక్కి వస్తుంది, నిజమే. వచ్చి, తనను అక్కడ తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని నలుదిక్కులా చూస్తుంది. సాకేది వాళ్ళు, సిగ్గుపడేది ఈవిడ. పైగా ఇరుకిల్లు, మురికిల్లు అని నవ్వేది మనం!